గరిసెలో ముల్లుగర్ర

ధర్మసాగరం,
వ్యయ నామ సంవత్సరం, వైశాఖ బహుళ విదియ.

నా బిడ్డ చిలుకమ్మకు,

నీ అత్త మొగిలమ్మ నీ తల మీద చెయ్యి పెట్టి రాస్తున్నది. ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం అందగానే మీ అన్న చేతికి ఇవ్వకు, మీ వదినె ముందర విప్పకు. పశువుల కొట్టంలోకి పోయి ఒక్కదానివే చదువుకో. కూడబలుక్కుంటే పైకి వినబడుతుంది, పెదవులు కదపకుండా చదువు. నువ్వు చదవగలవని నాకు తెలుసు. నువ్వు కొత్తగా కాపురానికి వచ్చిన వానకాలంలో, పళ్ళెంలో పొయ్యి బూడిద పరిచి నీకు అక్షరాలు దిద్దించింది నేనే కదా. మా నాయన అరుగు మీద నడిచిన బడిలో, తలుపు చాటున నిలబడి నేను ఏరుకున్న నాలుగు అక్షరాలు అవి. ఇవాళ మనిద్దరి నడుమ అవి తప్ప వేరే దారి లేదు. ఆ ఒక్క పనైనా నీకు మంచి చేశానని ధైర్యం చెప్పుకుంటున్నాను. వాగు దాటేటప్పుడు టపా మనిషి తడిస్తే సిరా కారిపోతుందని పెన్సిలుతో రాస్తున్నాను. అక్షరాలు మసకగా ఉంటే వెలుతురులో పట్టుకుని చూడు.

మీ నాయన దగ్గు తగ్గిందా? రాత్రిళ్ళు వాకిట్లో పడుకోనివ్వకండి, మంచు పడుతుంది. వైశాఖంలో మంచేమిటి అంటావు. నా భయానికి కాలాలు లేవని నీకు తెలుసు కదా బిడ్డా.

నిన్న ఉప్పలయ్య వచ్చాడు. దేవునూరు ఉప్పలయ్య, నీకు గుర్తుండే ఉంటాడు. ఏరువాక పున్నమి బండ్ల పందెంలో నాలుగేండ్లు మన కట్టయ్య బండి వెనకనే ఉండిపోయి, ఓడిన ప్రతిసారీ మన ఇంటికే వచ్చి అంబలి తాగిపోయేవాడు. కట్టయ్య పోయి ఐదేండ్లు నిండుతున్నాయి. కన్నదాన్ని, నేను వాణ్ణి తలుచుకుని ఏడ్చానే తప్ప వాడి పేరు నిలబెట్టలేదు. నిలబెట్టింది ఆ ఓడిపోయినవాడు. కట్టయ్య పోయిన మరుసటి ఏరువాకకు బండ్లన్నీ వరసగా నిలబడ్డప్పుడు ఉప్పలయ్య తన బండి మీద లేచి నిలబడి, "ముల్లుగర్రలు కింద పడెయ్యుండ్రి! కట్టన్న కడపటి పందెం వేపకొమ్మ పట్టుకొని నడిపిండు. ఇగ మనం గుడ గట్లనే నడుపుదాం" అన్నాడట. ఆనాటి నుంచి ఒక్కడు కూడా ఎద్దును పొడవలేదు. పోయినేడు ఇరవై రెండు బండ్లు పరుగెత్తాయి, ఇరవై రెండు చేతుల్లో వేపకొమ్మలు. మా వాడకట్టులోనే ముగ్గురు పిల్లలకు వాడి పేరు పెట్టుకున్నారు. వాళ్ళ తల్లులు "కట్టిగా, రారా!" అని పిలిస్తే ఇప్పటికీ నా గుండె ఒకసారి లేచి కూర్చుంటుంది.

ఈ ఏడు చెరువుకట్ట తూము మలుపు దగ్గర, వాడు పడ్డ చోట, బండ నిలబెడతారట. ఉప్పలయ్య అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"పెద్దమ్మా, బండ మీద జోడెడ్లను చెక్కిచ్చిన. కింద కట్టన్న పేరు గుడ చెక్కిచ్చిన. ఇగ ఆయన ముల్లుగర్ర ఒక్కటి దొరికితె బండ పక్కపొంటి నిలబెడ్దుము. అది పోయిందంటరు గని, ఇంట్ల వస్తువు యాడికి పోతది? చిలుకమ్మకే ఎరుకుండాలె. పున్నానికి ముందుగాల పాలంపేటకు పోయి ఆమెనే అడుగుత."

నా చేతిలోని చెంబు జారిపోయింది. "ఏమైంది పెద్దమ్మా?" అన్నాడు. "తిమ్మిరి బిడ్డా" అన్నాను. ఐదేండ్లుగా నేను చెప్పే అబద్ధాలన్నీ ఇట్లాంటి చిన్న అబద్ధాలే. పెద్దది ఒక్కటే. దానిని నేను నోటితో చెప్పలేదు, నోరు మూసుకుని చెప్పాను.

ముల్లుగర్ర నువ్వు పోగొట్టలేదు చిలుకమ్మా. నేను దాచాను.

ఇది రాసి లేచిపోయాను. గొడ్లకు నీళ్ళు పెట్టి వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

ఏరువాక పొద్దున ముల్లుగర్రను కడిగి, పసుపు రాసి, గడప దాటే మగనికి ఇల్లాలు చేతికివ్వడం మన ఆనవాయితీ. ఇల్లాలి చేతి నుంచి అందుకోనిదే ఎవడూ పందెం బండి ఎక్కడు. ఆ ఏడు ముందునాడు పెద్ద వాన కొట్టింది. కట్ట మీది దారి కోసుకుపోయిందన్నారు. మన ఎద్దు మైలోడు కుడి ముందరికాలు ఎత్తి వేస్తున్నాడని నాకు అనిపించింది. ఎవరికీ అనిపించలేదు, నాకే అనిపించింది. వద్దురా అంటే వాడు నవ్వాడు. ఏటేటా నేను వద్దంటాను, వాడు నవ్వుతాడు, గెలిచి వస్తాడు. నా భయానికి ఆ ఇంట్లో విలువ లేకుండా పోయింది. అందుకని తెల్లారకముందే లేచి, పీట వేసుకుని, వడ్ల గరిసెలోకి ఆ కర్రను నిలువునా తోసేశాను. ముల్లుగర్ర దొరకకపోతే నువ్వు ఇయ్యలేవు, నువ్వు ఇయ్యకపోతే వాడు ఎక్కడు. అంతే నా తెలివి.

నువ్వు ఇల్లంతా ఎట్లా వెతికావో నా కళ్ళ ముందే ఉంది. దంతె, నాగళ్ళ కింద, గడ్డివాము వెనక, బావి గట్టు మీద. చెమటకు బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది. నేను పొయ్యి ముందర కూర్చుని పుల్లలు ఎగదోస్తూ ఉన్నాను. వాడు మాత్రం, "దొర్కకుంటె పోనియ్యే. గా వేపకొమ్మ ఇరిచియ్యి. నీ చెయ్యి తాకితె అదే నాకు ముల్లుగర్ర" అన్నాడు. నువ్వు విరిచి ఇచ్చావు. పోతూ పోతూ వాడు పొయ్యి దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యేసి రెండుసార్లు నిమిరాడు. దీవెన నేనివ్వాల్సింది పోయి వీడు నా తల నిమురుతాడేమిటి అనుకున్నాను. అదే కడసారి.

తూము మలుపులో చక్రం రాయి ఎక్కింది. బండి ఒరిగింది. మంచం మీద హనుమకొండ దవాఖానకు మోసుకుపోతుంటే కాజీపేట దాటకముందే వాడు దాటిపోయాడు. చేతిలో ముల్లుగర్ర ఉంటే మైలోణ్ణి ఒక్క పోటుతో ఇవతలికి తిప్పేవాడు కదా అని నాకు ఆ క్షణాన తోచింది. ఆ తలంపు ఇప్పటిదాకా నన్ను విడిచిపెట్టలేదు.

ఆ తర్వాత బావికాడ మన వాడకట్టు యాకమ్మ అన్న మాట నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. "పసుపు గర్ర ఇయ్యాల్సిన చెయ్యి వేపకొమ్మ ఇచ్చె. వేపాకు సావుకాడ గాదే ఇచ్చేది?" అన్నది. అప్పుడు నేను చెప్పి ఉంటే ఆ మాట అక్కడే చచ్చేది. నీ ముఖం చూశాను. నీ కడవ నిండిపోయి నీళ్ళు పొర్లుతున్నాయి, నువ్వు చూసుకోలేదు. నేను నోరు తెరవలేదు. ఏడాది తిరగకుండానే మీ అన్న వచ్చి నిన్ను తీసుకుపోతుంటే ఆపలేదు. ఆపితే నిజం చెప్పాల్సి వస్తుందని ఆపలేదు. వడ్లు అడుగంటక ముందే గర్రను తీసి, పాత చీర చుట్టి అటక మీద పెట్టాను. ఐదేండ్లుగా అటక కింద తల వంచుకుని నడుస్తున్నాను.

నన్ను మాఫ్ చెయ్యమని అడగను. ఉప్పలయ్య నీ గడపలోకి వచ్చి అడగకముందే నీకు తెలియాలని రాశాను. ఏ దుర్ముహూర్తం వల్లా కాదు, నీ చేతి వల్లా కాదు. నా భయం వల్ల.

నీ అత్త,
మొగిలమ్మ


ధర్మసాగరం,
జ్యేష్ఠ శుద్ధ షష్ఠి.

తల్లీ చిలుకమ్మా,

జవాబు రాలేదు. ఉత్తరం అందలేదేమో అని ఒక భయం, అందిందేమో అని ఒక భయం. మీ అన్న చదివేశాడేమో అని మూడోది. కట్టెలకు పోయిన పొరుగింటి సమ్మమ్మ పాలంపేట వైపు ఒక మోటారు బురదలో దిగబడిందని చెబితే, నా ఉత్తరం అందులోనే ఉందని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు తెలిసింది, ఆ మోటారు అటు నుంచి ఇటు వచ్చేదట. నవ్వుకో. నువ్వు నవ్వితే నాకు బరువు తగ్గుతుంది.

అందినా అందకున్నా ఇంకొకటి రాయాల్సి వచ్చింది. మొన్న ఉప్పలయ్య చద్ది మూట కట్టుకుని పాలంపేటకు బయలుదేరాడు. పోతూ పోతూ చెప్పిపోదామని వచ్చాడు. "ఆగు బిడ్డా" అని అటక కింద పీట వేశాను. ఈ వయసులో నేనెక్కుతుంటే, "నేను తీస్త గదా, పడ్తవు పెద్దమ్మా" అని మొత్తుకున్నాడు. నేను పెట్టిన దాన్ని నేనే దింపాలి అనుకున్నాను. మూట తెచ్చి వాడి ముందు పెట్టాను. చెప్పాను. నీకు రాసినదంతా నోటితో చెప్పాను. కాగితం మీద కంటే నోట్లో అది ఎంతో పెద్దగా ఉంది.

వాడు చీర విప్పి గర్రను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. ఇత్తడి కట్లు నల్లబడ్డాయి. కొస మీద నువ్వు కట్టిన ఎర్ర ఉన్ని కుచ్చు రంగు పోలేదు. వాడు ఆ కుచ్చును వేళ్ళతో తడిమాడు, మళ్ళీ తడిమాడు. పక్కకు జరిపి చూశాడు.

"పెద్దమ్మా, ముల్లు ఏది?"

"ఏం ముల్లు?"

"గిదేందో సూడు జర."

చూశాను. ఇనుప ముల్లు ఉండాల్సిన చోట ముల్లు లేదు. పీకేసి, ఆ తొర్రను లక్కతో పూడ్చి, పిల్లల బుగ్గలాగా నున్నగా రాసి ఉంది. ఆ లక్క కూడా కొత్తది కాదు, చేతి చెమటకు పాతబడ్డది. పైన కుచ్చు ఉండేసరికి ఎవరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు. పసుపు రాసే నీకు తెలుసా బిడ్డా?

ఉప్పలయ్య ముందు నవ్వాడు, తర్వాత తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నాలుగేండ్లు నన్ను ఓడగొట్టింది ముల్లులేని కట్టెనా! నేను పొడిసి పొడిసి నా ఎడ్ల తొంటెలు పుండ్లు జేసి గుడ ఎనుకబడ్డ గదనే" అన్నాడు. నేను వాణ్ణి అడిగాను. ఐదేండ్లుగా ఎవరినీ అడగలేని మాట. మలుపులో ఇది కట్టయ్య చేతిలో ఉంటే బతికేవాడా అని.

"నేను ఎనుకనే ఉన్న పెద్దమ్మా. వానకు కట్ట మీదికెళ్ళి దొర్లిన రాయి అది. గడ్డిల మునిగి ఉన్నది. చక్రం ఎక్కిందాకా ఆయనకు అవుపడలె, నాకు అవుపడలె. ముల్లుగర్ర ఉన్నా చెర్నాకోల ఉన్నా ఆ చక్రం ఎక్కుడే. ఇగ దీనితోని అయితె ఎద్దుకు గిలిగింత పెట్టుడే అవుతుండె" అన్నాడు.

ఉప్పలయ్య ఇంటికి మళ్ళాక గర్రను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా కొడుకు ఎద్దును ఎన్నడూ పొడవలేదట. ఊరంతా వేపకొమ్మ పట్టుకుని వాడి పేరు చెప్పుకుంటుంటే, అదంతా నా దొంగతనం మీద కట్టిన అబద్ధమని ఐదేండ్లు లోపల కుళ్ళిపోయాను. అబద్ధం కాదు. వాళ్ళు అనుకున్న కట్టయ్యే అసలు కట్టయ్య. తెలియనిది తల్లికే.

ఇక నీ సంగతి. పున్నమినాడు బండ నిలబెట్టేటప్పుడు ఊరందరి ముందర చెబుతాను. ఉప్పలయ్య వద్దన్నాడు. "నాకు తెల్సింది చాలదా, ఆడోళ్ళు నిన్ను కాకుల్లెక్క పొడుస్తరు" అన్నాడు. పొడవనీ. ఐదేండ్లు నిన్ను పొడిచిన ముక్కులే కదా. నువ్వు రావాలని అడిగే ముఖం నాకు లేదు. వస్తే మాత్రం ములుగు దాకా మోటారులో రా, వాగు దగ్గర దిగి నడవకు. గొడుగు తెచ్చుకో.

నీ అత్త,
మొగిలమ్మ


ధర్మసాగరం,
జ్యేష్ఠ బహుళ నవమి.

నా కన్నతల్లి చిలుకమ్మకు,

నువ్వు చేరినట్టు కబురు రాలేదు. వాన ఎక్కడ పట్టుకుందో, గొడుగు ఇక్కడే మరిచిపోయావు. దూలానికి వేలాడుతూ ఉంది. చూసినప్పుడల్లా నువ్వు తడుస్తున్నట్టే ఉంటుంది. చేరగానే రెండు ముక్కలు రాయి.

నీకు తెలిసినదే నీకు రాస్తున్నానని నవ్వుకోకు. నాకు మరుపు ఎక్కువైంది. ఇదొక్కటి మరిచిపోతే నేనెందుకు బతికినట్టు? అందుకని రాస్తున్నాను. కాగితం నీ దగ్గర దాచిపెట్టు. నేను దాస్తే ఏమవుతుందో చూశాం కదా.

తూము మలుపులో బండకు పసుపు పూశాక ఉప్పలయ్య నన్ను ముందుకు పిలిచాడు. పోయి, గర్రను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చెప్పాను. "ఈ ముల్లుగర్ర నా కోడలు పోగొట్టలె. నేను దాచిన. నా కొడుకు పందెం పోవద్దని గరిసెల దాచిన. ఐదేండ్లు ఆ పిల్లను మీరు అంటాంటె ఇనుకుంట కూసున్న" అన్నాను. ముందు యాకమ్మే అందుకుంది.

"ఓసి నీ ఇల్లు సల్లగుండ మొగిలీ! ఐదేండ్లు మా నోట్లె ఆ పిల్లను నమిలిపిస్తివి గదనే! మా పాపం ఎవలు కడుగుతరే ఇప్పుడు?" అన్నది.

అన్నది నిజమే. అప్పుడే జనం వెనక నుంచి నువ్వు వచ్చావు. ఎప్పుడు మోటారు దిగావో, ఎంతసేపు నిలబడ్డావో. యాకమ్మ వైపు చూసి, "కడుగుడు ఎందుకు అత్తా, జర నోరు పుక్కిలిస్తె చాలు" అన్నావు. అందరూ ఘొల్లుమన్నారు. యాకమ్మ కూడా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, వేపచెట్టు దగ్గరికి తానే పోయి మొదటి కొమ్మ విరిచి నీ చేతిలో పెట్టింది. ఏ కొమ్మను చావు కొమ్మ అన్నదో ఆ కొమ్మనే. అక్కడ నుంచి ఇరవై నాలుగు బండ్లకు, వరసగా, ఒక్కొక్కటీ నీ చేతి మీదుగానే పోయింది. ఉప్పలయ్య అందుకునేటప్పుడు, "వదినె, నీ చెయ్యి మంచిదైతె ఇయ్యాలన్న నన్ను గెలిపియ్యి" అన్నాడు. నీ చెయ్యి మంచిదే, వాడి ఎడ్లే రెండో స్థానం వదలలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే నేను నీ కాళ్ళ మీద పడబోయాను. నువ్వు పట్టుకున్నావు. అప్పుడు చెప్పావు. నీ మాటలు నీ మాటల్లానే రాసుకుంటున్నాను, తప్పుంటే దిద్దు.

"నాకు ఆ పొద్దే ఎరుకనే అత్తమ్మా. దొడ్లె నేను దేవులాడుతాంటె ఆయన వచ్చి చెవుల చెప్పిండు. 'అవ్వ దాచింది. ఆమె తలల వడ్ల పొట్టున్నది సూడు. నువ్వు దేవులాడినట్టె దేవులాడు, దొర్కలేదనే చెప్పు. ఒక్క పొద్దన్న ఆమె గెలిచిన్ననుకోనీ. పందెం అయినంక నేనే గరిసెల చెయ్యి పెట్టి తీసి ఆమెను నవ్విస్త' అన్నడు. పందెం అయినంక చెప్తనన్నది ఆయన. ఆయన చెప్తనన్న మాట నేనెట్ల చెప్పుదు? ఆయన రాకపాయె. నువ్వే ఎప్పుడో చెప్తవని సూసిన."

అందుకా బిడ్డా, బావికాడ నోరు విప్పలేదు? మీ అన్న వెంట పోతూ గడప దగ్గర ఒకసారి ఆగి గరిసె వైపు చూశావు, అందుకా? నేను నిన్ను ఐదేండ్లు మోసం చేశాననుకున్నాను. నువ్వు ఐదేండ్లు నన్ను కాపాడావు. ముల్లు పీకేసిన సంగతి కూడా నీకు తెలుసునని, పసుపు రాసే చేతికి తెలియకుండా ఉంటుందా అని నవ్వావు. నా కొడుకును నేను కన్నాను గానీ, వాడు ఎట్లాంటివాడో నాకు చూపించింది మీరు. ఓడిపోయిన ఉప్పలయ్య, మాట పడ్డ నువ్వు. మీ ఇద్దరికీ ఏమిచ్చి రుణం తీర్చుకోను? దీవెన తప్ప నా దగ్గర ఏమీ లేదు, అదీ భయపడుతూ ఇచ్చేదే. అయినా తీసుకో.

గర్రను బండ దగ్గర నిలబెట్టలేదు. వానకు లక్క కరుగుతుందని, ఎండకు కుచ్చు వెలుస్తుందని నేనే ఉప్పలయ్యను బతిమాలి తెచ్చుకున్నాను. "నీ భయాలు నీ యెంటనే పోతయి పెద్దమ్మా" అని నవ్వాడు. ఇప్పుడది తలుపు పక్కన, లోపలికి వచ్చేవాళ్ళందరికీ కనబడేటట్టు నిలబడి ఉంది. మీ నాయన పొలంలో నాట్లు పడ్డాక వస్తానన్నావు. తొందర లేదు. నారుమడిలో జాగ్రత్త, గట్ల మీద పాములుంటాయి.

ఒకటి చెప్పి ముగిస్తాను. ఆనాడు పొయ్యి దగ్గర వాడు నా తల నిమిరాడనుకున్నాను కదా. నిమరలేదు, నా తలలో పొట్టు దులిపాడు. నలుగురిలో నా దొంగతనం బయటపడొద్దని దులిపిపోయాడు. ఇవాళ పొద్దున గరిసెలోంచి వడ్లు తీశాను. పొట్టు తలలో పడింది. పడమటి పొద్దు దాకా దులుపుకోలేదు.

నీ అత్త,
మొగిలమ్మ